ముక్కు చాయ్ తాగినవాళ్ళం

మా అమ్మాయి వెలిమెల దగ్గర కొత్తగా లేచిన అపార్ట్‌మెంట్లలో ఒక ఇల్లు కొనుక్కుని, మోకాళ్ళ నొప్పులు పెట్టుకుని ఒక్కడివే ఎందుకుండాలంటూ నన్ను కూడా అక్కడికే తెచ్చి పెట్టుకున్నప్పటి నుంచి, పొద్దున్నే బాల్కనీలో కుర్చీ వేసుకుని కింద కనిపించే చెరువును చూస్తూ కూర్చోవడం నాకొక ఉద్యోగమైపోయింది. చెరువంటే మనమెరిగిన చెరువనుకునేరు. చుట్టూ ఇనుప కంచె, నడిచేవాళ్ళకు రంగురాళ్ళు పరిచిన బాట, దీపస్తంభాలు, పైగా ఇళ్ళమ్మినవాళ్ళు దానికి ఇంగ్లీషులో ఒక ముద్దుపేరు కూడా పెట్టారు. మొన్నొక ఆదివారం పొద్దున ఇద్దరు మనుషులు ఆ కంచె సందులోంచి దూరి, ఒడ్డున రెండు గాలాలు వేసుకుని కూర్చున్నారు. మాటా లేదు పలుకూ లేదు, ఇద్దరి కళ్ళూ బెండు మీదే. కాసేపటికి సెక్యూరిటీ అతను ఈల ఊదుకుంటూ వచ్చి వాళ్ళను లేపేశాడు. వాళ్ళు కోప్పడలేదు, బతిమాలుకోలేదు, కట్టెలు భుజాన వేసుకుని ఏదో జోకు చెప్పుకుని నవ్వుకుంటూ వచ్చిన దారినే పోయారు. వాళ్ళట్లా పోతుంటే నాకు నా దోస్తు గుర్తొచ్చాడు, వాడితో కలిసి మార్పు చేపలు పట్టిన ఒక ఆదివారం కూడా గుర్తొచ్చింది.

నా దోస్తుది మా ఊరే. సంగారెడ్డి అవతల కొండాపూర్ దగ్గరి పల్లె. కొండాపూర్ అనగానే ఇప్పటివాళ్ళు అద్దాల మేడలున్న కొండాపూర్ అనుకుంటారు గనక చెబుతున్నాను, మాది జొన్నలూ పెసర్లూ పండే కొండాపూర్. వాళ్ళది భూమి ఉన్న ఇల్లు, మాది ఆ భూమిలో కూలికి పోయే ఇల్లు. ఊళ్ళో ఉన్నంతకాలం మేమిద్దరం ఒక వరుసలో కూర్చుని తిన్నది లేదు, కానీ వరుసలు కలిపి పిలుచుకోవడానికి మా పల్లెల్లో అది అడ్డం కాదు కాబట్టి చిన్నప్పటి నుంచీ నేను వాడికి బావను, వాడు నాకు బావ. తొంభైల మొదట్లో వరుసగా వానలు ఎగ్గొట్టి వాళ్ళ బావులు ఎండిపోయినప్పుడు, కూలి లేక నేనూ, పంట లేక వాడూ ఒకే నెలలో బొల్లారం వచ్చి ఒకే మందుల కంపెనీలో హెల్పర్లుగా చేరాం. కంపెనీ బస్సులో పక్కపక్క సీట్లు, క్యాంటీన్లో ఎదురెదురు పళ్ళాలు. ఊరు చేయనిది కంపెనీ చేసిందని వాడు నవ్వుతూ అంటుండేవాడు.

ఆ కంపెనీలో చేరిన మొదటి వారం ఎట్లా గడిచిందో ఆ రోజుల్లో ఆ ప్రాంతంలో పనిచేసినవాళ్ళకు నేను చెప్పక్కర్లేదు. రియాక్టర్ మూత తీస్తే ముక్కులో నిప్పు పెట్టినట్టుండేది, అన్నం సయించేది కాదు, రాత్రి పడుకుంటే దిండు కూడా అదే వాసన. మాకంటే ముందు చేరినవాళ్ళు, అందులో సగం మంది బీహారు నుంచీ ఒరిస్సా నుంచీ వచ్చినవాళ్ళు, మమ్మల్ని చూసి నవ్వేవాళ్ళు తప్ప జాలిపడేవాళ్ళు కారు. అక్కడ ఒక ఆచారముండేది. కొత్తవాడికి ఏదో ఒకరోజు, మూడో నెలలోనో ఆరో నెలలోనో, వాసన తెలియడం మానేస్తుంది. తెలియడం లేదని వాడు నోరుజారి చెప్పిన రోజున షిఫ్టు మొత్తం వాడిని గేటు బయటి హోటలుకు పట్టుకుపోయి చాయ్ తాగించి, వాడిచేతే మిర్చీలు కొనిపించి, వీపు మీద చరిచి 'అబ్ తూ పక్కా హోగయా', ఇక నువ్వు పక్కా అయిపోయావు, అనేవాళ్ళు. దానిపేరు ముక్కు చాయ్. ముక్కు చాయ్ తాగనివాడు ఇంకా పచ్చివాడే, వాడి చేతికి వాల్వు ఇచ్చేవాళ్ళు కాదు. నేను ముందు తాగాను, కొన్నాళ్ళకు నా దోస్తు తాగాడు. అది మాకు పెద్ద గౌరవంగా ఉండేది. వాసనకు అలవాటు పడ్డామనుకున్నామే తప్ప, ఆ ముక్కు ఇంకే వాసనకూ పనికిరాకుండా పోయిందని మాకెవరికీ తట్టలేదు. తట్టేదెట్లా, నాలుక మీద ఉప్పూ కారం పులుపూ తెలుస్తూనే ఉన్నాయి, ముద్ద దిగుతూనే ఉంది.

పక్కా అయిన ఏడాదికే వాడికి పెళ్ళి చేశారు. పిల్ల వాళ్ళ పక్క ఊరిది, ఆరోగ్యంగా, గలగలా మాట్లాడే మనిషి. వాడు నాకు బావ గనక ఆమె నాకు చెల్లె అయింది. పటాన్‌చెరు శివారులో ఒక గది కిరాయికి తీసుకుని కాపురం పెట్టారు, ఆ వెనక సందులోనే నా గది. కాపురానికొచ్చిన నెలరోజులకే ఆమెకు వాంతులు మొదలయ్యాయి. ఇంటి ఓనరమ్మ వేలితో లెక్కలు వేసుకుని, మొహం విప్పార్చుకుని, మామిడికాయ తొక్కు గిన్నెడు తెచ్చిచ్చింది. నా దోస్తు సంగతి చెప్పనే వద్దు, షిఫ్టంతా పేడాలు పంచాడు. తీరా డాక్టరమ్మ దగ్గరికి పోతే అటువంటిదేమీ లేదని తేలింది. అప్పుడు ఆ పిల్ల ఏడుస్తూ అసలు సంగతి చెప్పింది. ఆయన చొక్కా వాసన, ఆయన దుప్పటి వాసన, ఆయన చేతి వాసన తనకు కడుపులో తిప్పుతున్నాయని, ఇన్నాళ్ళూ సిగ్గుపడి చెప్పలేదని. పంచిన పేడాలకు వాడిని బస్సులో నెలరోజులు ఏడిపించారు. వాడూ వాళ్ళతో కలిసి నవ్వేవాడు గానీ, ఆ నవ్వు కింద ఏముందో నాకు తెలుసు.

ఆషాఢం వచ్చింది, కొత్త కోడళ్ళందరి మాదిరిగానే ఆమె పుట్టింటికి పోయింది. శ్రావణంలో రావాలి, రాలేదు. వినాయకుడిని కూడా నీళ్ళలో కలిపేశారు, అయినా రాలేదు. ఊరుకుంటే మంచిది కాదని రెండుసార్లు వీడే పోయాడు. మొదటిసారి ఒంట్లో బాగాలేదన్నారు, రెండోసారి ఆమె లోపలి గదిలోంచి బయటికే రాలేదు. వీడికి ఆ పిల్లంటే ప్రాణం. బస్సులో అందరూ నిద్రపోతుంటే వీడు మాత్రం కిటికీ బయటికి చూస్తూ కూర్చునేవాడు. ఒక ఆదివారం నాడు కబురొచ్చింది, వచ్చే ఆదివారం మామ వచ్చి మాట్లాడతాడని. ఏం మాట్లాడతాడో కబురు తెచ్చినవాడు చెప్పలేదు కానీ, పిల్లను పంపుతారా, తెంచుకుంటారా అన్నది ఆ ఒక్క రోజుతో తేలిపోతుందని మా ఇద్దరికీ అర్థమైంది.

శనివారం మాకు రాత్రి షిఫ్టు. పనిలోకి దిగే ముందే వాడు నన్ను బట్టలు మార్చుకునే గది వెనక్కి పిలిచి తన పథకం చెప్పాడు.

"కోడిగూర ఎవడన్న పెడ్తడు బావా, గా మన్షికి మార్పు చాపలంటే పానం. పెండ్లి మాటలప్పుడు గూడ అదే ముచ్చట వెట్టిండు. పొద్దుగాల జెర నాతోని చెర్లకు రా."

వాడి మామకు చేపలు పెట్టి పిల్లను తెచ్చుకోవాలనుకోవడం విని నాకు నవ్వొచ్చింది. ఆ నవ్వును మింగేసి సరేనన్నాను. చేపలతో పాటు ఇంకో జాగ్రత్త కూడా తీసుకున్నాడు వాడు. వారం రోజుల నుంచి కంపెనీ బట్టలు ఇంటి లోపలికి రానివ్వడం లేదు, దుప్పట్లు రెండుసార్లు ఉడకబెట్టి ఉతికించాడు, ఎర్ర సబ్బు ఒకటి ఒంటికే అరగదీశాడు. తెల్లారి షిఫ్టు దిగాక కుళాయి కింద ఒళ్ళు తోముకుని, తలలోంచి నీళ్ళు కారుతుండగానే నా ముందుకు వచ్చి నిలబడి, భుజం నా మొహానికి ఆనించాడు.

"జెర వాసన సూడు బావా. ఏమన్న కొడుతుందా?"

నేను నిండా గాలి పీల్చి చూశాను. "ఏం కొడ్తలేదు, సాఫ్ ఉన్నవ్" అన్నాను. వాడి మొహం వెలిగిపోయింది. ముక్కు చాయ్ తాగిన ఇద్దరం ఒకరినొకరం పరీక్ష చేసుకుని, ఒకరికొకరం పాసు మార్కులు వేసుకుని బయలుదేరాం.

బస్సు డ్రైవరుతో చెప్పి దారిలోనే దిగాం. కంపెనీల గోడల వెనక, చవిటి నేల దాటితే వచ్చే చెరువది. దాని పేరు ఇక్కడ ఎందుకు, ఇప్పుడు అక్కడ చెరువూ లేదు. ముందురోజు సాయంత్రం నుంచి అర్ధరాత్రి దాకా వాన దంచి కొట్టింది, కొత్తనీళ్ళు వచ్చి చెరువు నిండుగా ఉంది. తెల్లవారి మబ్బు విడిపోయి, ఎండ ఇంకా పసుపుగా ఉన్న వేళ. వెదురు కట్టెలు, తంగూసు దారం, జొన్న బెండు ముక్కలు ముందే గోనెసంచిలో పెట్టుకొచ్చాడు వాడు. కుళాయి దగ్గరి బురదలో తవ్విన ఎర్రలు ఒక డబ్బాలో ఉన్నాయి. తూము పక్కన రాళ్ళ మీద కూర్చుని గాలాలు వేశాం.

మార్పు చేపను పట్టినవాళ్ళకు తెలుసు, అది అంత తేలికగా చేతికొచ్చే చేప కాదు. నల్లగా, పొలుసు లేకుండా, మీసాలతో బురదలో పడుకుని ఉంటుంది; ఎరను మెల్లగా నోటిలో పెట్టుకుని చూసి, అనుమానమొస్తే వదిలేస్తుంది. చిన్నప్పుడు ఊళ్ళో పొద్దంతా కూర్చుంటే ఒకటో రెండో పడేవి, వాటికే మా వాళ్ళు పండగ చేసుకునేవాళ్ళు. ఆ ఆదివారం మాత్రం గాలం నీళ్ళలో పడీ పడకముందే బెండు మునిగిపోతోంది. అదీ గాక చేపలు తమంతట తామే పైకొస్తున్నాయి. ఒడ్డు వెంట, ఎక్కడ చూసినా నీళ్ళ మీదికి మూతులు పెట్టి గాలి మింగి మళ్ళీ కిందికి పోతున్నాయి. వాడు గాలం పక్కన పడేసి, లుంగీ ఎగగట్టి, మోకాలి లోతు దిగి చేతులతోనే పట్టడం మొదలుపెట్టాడు. ఒకటి ముల్లు గుచ్చింది, రక్తం కారుతున్నా నవ్వుతూనే ఉన్నాడు. నెలల తరువాత వాడు మనసారా నవ్వగా చూశాను. దేవుడు తన దిక్కు చూశాడని, ఇక పిల్ల వచ్చినట్టేనని వాడికి గట్టి నమ్మకం కుదిరింది. నిజం చెప్పొద్దూ, నాకూ కుదిరింది.

అప్పుడే ఒక ముసలమ్మ బర్రెలను తోలుకుంటూ కట్ట మీదికి వచ్చింది. బర్రెలు నీళ్ళ దాకా వచ్చి, మూతులు వంచి, ముట్టకుండానే వెనక్కి తిరిగాయి. ఆమె కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని మమ్మల్ని చూసి నిలబడిపోయింది.

"ఓ కొడుకులాలా, బర్లు గూడ మూతి వెడ్తలెవ్వు గీ నీళ్ళల్ల. గా చాపలు మీరు తింటరా ఏంది?"

"నీకు రెండియ్యాల్నా అవ్వా?" అన్నాడు నా దోస్తు సంచి ఎత్తి చూపిస్తూ.

"నాకొద్దు నాయనా, మీరే తినుర్రి" అని, కొంగు తీయకుండానే, బర్రెలను అదిలించుకుంటూ వచ్చిన దారినే మళ్ళిపోయింది. ముసలామెకు కన్ను కుట్టిందని మేము నవ్వుకున్నాం. వానపడ్డ రాత్రి ఏదో కంపెనీ తన మురుగు చెరువులోకి వదిలిపెట్టిందని, ఊపిరాడక చేపలు పైకి తేలుతున్నాయని, ముక్కున్న ఏ చిన్నపిల్లవాడైనా కట్ట ఎక్కకముందే చెప్పేవాడు. మేము ఆ నీళ్ళలోనే చేతులు కడుక్కుని, తడి గోనెలో అవి కదులుతుంటే భుజం మార్చుకుంటూ ఇంటికి చేరాం.

వంట మేమే చేశాం. చేపలను బూడిదా ఉప్పూ వేసి బండ మీద తెల్లబడేదాకా రుద్దాడు వాడు. నేను చింతపండు పిసికి, ఉల్లిగడ్డలు కాల్చి నూరాను. మెంతులు వేగాయా లేదా అన్నది ఇద్దరం గిన్నె మీదికి వంగి రంగు చూసి తేల్చాం. ఓనరమ్మ రెండుసార్లు వాకిట్లోకి వచ్చి తొంగిచూసి, రెండుసార్లూ కొంగు అడ్డం పెట్టుకుని లోపలికి పోయింది. ఆ గదిలోంచి ఎప్పుడూ ఏదో ఒక వాసన వస్తూనే ఉంటుంది గనక ఇదీ వాడి కంపెనీ బట్టలదే అనుకున్నదట, తరువాత చెప్పింది. పులుసు ఎర్రగా, నూనె తేలి, చూడటానికి ఏ పెళ్ళివారింటి కూరకూ తీసిపోకుండా వచ్చింది.

మామ పదకొండు గంటల బస్సుకు దిగాడు. పొడుగాటి మనిషి, తెల్లధోవతి, భుజాన సంచిలో తన చేను మొక్కజొన్న కంకులు. అల్లుడు కాళ్ళకు నీళ్ళిస్తే కడుక్కుని, మంచం మీద కూర్చుని, గది నాలుగు మూలలా చూశాడు. మంచం, బీరువా, గిన్నెలు, పెళ్ళిలో వాళ్ళు పెట్టిన సామాను ఒక్కొక్కదాని మీదా ఆయన చూపు ఆగి ఆగి పోయింది. నేను పెద్దనాయినా అని పలకరించాను, తలాడించాడు. నా దోస్తు చాప పరిచి మూడు పళ్ళాలు పెట్టాడు. నేను తరువాత తింటానని లేవబోతే, మా ఊరి పద్ధతి తెలిసినవాడే అయినా ఆయన నన్ను కూర్చోమని సైగ చేశాడు.

ఆయన మొదటి ముద్ద నోట్లో పెట్టుకుని అట్లాగే ఆగిపోయాడు. నమలలేదు, ఉమ్మలేదు. కళ్ళు ఎత్తి అల్లుడిని చూశాడు. అల్లుడు తల వంచుకుని ఆకలిగా, ఇష్టంగా, ముల్లు తీసి తీసి తింటున్నాడు. ఆయన నన్ను చూశాడు, నేనూ తింటున్నాను. ఆయన ముద్దను మెల్లగా చేతిలోకి తీసుకుని పళ్ళెం అంచున పెట్టాడు.

"చాప మంచిగుందా అల్లుడా?"

"మస్తుంది మామా. నువ్వేంది తింటలెవ్వు? ఇంకో ముక్క ఏస్త ఆగు."

"వాసనొస్తలేదా నీకు?"

"కమ్మటి వాసనొస్తుంది మామా" అన్నాడు నా దోస్తు. వాడు అబద్ధమాడలేదు. కమ్మటి వాసన ఎట్లా ఉంటుందో జ్ఞాపకంలో ఉన్నదాన్ని చెప్పాడంతే, నేనూ ఆ మాటే చెప్పి ఉండేవాడిని.

ఆయన లేచి వంటమూలకు వెళ్ళాడు. వత్తుల స్టవ్ పక్కన గ్యాసునూనె సీసా, అంటే కిరోసిన్ సీసా ఉంది, మూత తీసి పట్టుకొచ్చాడు. మా ఇద్దరినీ కళ్ళు మూసుకోమన్నాడు. పెద్దమనిషి, అందులోనూ పిల్లనిచ్చిన మామ చెబుతున్నాడు, ఎంగిలి చేతులతోనే కళ్ళు మూసుకున్నాం.

"ముక్కు కాడ ఏం వెట్టిన్నో చెప్పు బిడ్డా."

నా దోస్తు పీల్చాడు, మళ్ళీ పీల్చాడు. ఇదేదో పిల్లను పంపే ముందు పెట్టే పరీక్ష అనుకున్నాడో ఏమో, తప్పు చెప్పకూడదని చాలాసేపు ఆలోచించి, "నిమ్మకాయనా మామా?" అన్నాడు.

నా వంతు వచ్చింది. నాకేమీ తెలియలేదు. ఏమీ పెట్టలేదనే అనుకుని ఆ మాటే చెప్పి కళ్ళు తెరిచేసరికి సీసా మూతి నా పై పెదవికి తగులుతోంది. నాకన్నా ముందే నా దోస్తు కళ్ళు తెరిచి ఆ సీసానే చూస్తున్నాడు. మాకు ఏం పోయిందో మాకు తెలిసింది అప్పుడే. హోటలు ముందర వీపు చరిపించుకుని మిర్చీలు కొనిపెట్టిన రోజు గుర్తొచ్చింది.

ఆయన సీసా పక్కన పెట్టాడు. వంగి అల్లుడి పళ్ళెం తీశాడు, నా పళ్ళెం కూడా తీశాడు. మా నాయన వాళ్ళ పొలాల్లాంటి పొలాల్లో కూలి చేసినవాడు. నేను తిన్న ఎంగిలి పళ్ళేన్ని ఆయన వయసు మనిషి, అంత భూమి ఉన్న ఇంటి మనిషి చేత్తో ఎత్తగా నేను అంతకు ముందు చూడలేదు. కూరగిన్నెతో సహా పట్టుకుపోయి దూరంగా పెంటకుప్పలో పారబోసి, పళ్ళాలు తానే కడిగి తెచ్చాడు. తాను తెచ్చిన కంకులు స్టవ్ మీద తిప్పి తిప్పి కాల్చి, ఉప్పు రాసి మా చేతుల్లో పెట్టి, మేము తింటుంటే ఎదురుగా కూర్చున్నాడు. పిల్ల ప్రస్తావన రాలేదు. తెంచుకునే మాటా రాలేదు. రెండు గంటల బస్సుకు లేచి, గడప దగ్గర ఆగి, అల్లుడి తల మీద చెయ్యిపెట్టి వెళ్ళిపోయాడు.

"ఇగ అయిపాయె బావా" అన్నాడు నా దోస్తు. సాయంత్రానికి ఇద్దరికీ కడుపులు చెడి ఒకరి తరువాత ఒకరం చెంబులు పట్టుకుని తిరుగుతున్నా, వాడి బాధ అది కాదు. మంచిగా చేద్దామని పోయి మామను అవమానించానని, ముక్కులేనివాడికి పిల్లనెవరు పంపుతారని, ఆ రాత్రి షిఫ్టుకు కూడా రానని గోడవైపు తిరిగి పడుకున్నాడు. 

ఆ వారం మధ్యలో ఒకరోజు మేము షిఫ్టు దిగి వచ్చేసరికి గది తలుపు తీసి ఉంది. చెల్లె కొంగు నడుముకు చుట్టుకుని ఇల్లు కడుగుతోంది. వాకిట్లో పాలగిన్నె, అన్నం గిన్నె, ఊరగాయ జాడీ అన్నీ బయటపెట్టి ఉన్నాయి. వీడు గడప బయటే నిలబడిపోయాడు, కంపెనీ బట్టలతో లోపలికి రావడానికి భయపడి. నేను పక్కనే ఉన్నాను గనక ఆమె అన్న మాట నాకిప్పటికీ అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది.

"వాసన నాకు పడది, ఇప్పటికి గూడ పడది. గని వాసనే తెల్వని మన్షిని ఒక్కన్ని ఇడిసిపెట్టి, ఆడ కూసోని నేనెట్ల తినాలె? పాలిరిగినా తెల్వదట, అన్నం పాశిపోయినా తెల్వదట. లోపలికి రా, బట్టలు గాడ్నే ఇడువు."

మామ ఆ ఆదివారం వచ్చింది పెళ్ళి సామాను వెనక్కి తీసుకుపోవడానికేనట, ట్రాక్టరు కూడా మాట్లాడి పెట్టుకున్నాడట. ఇంటికి పోయి ఆయన కూతురితో పోవే అనీ అనలేదు, వద్దే అనీ అనలేదు. చేపలు తిన్న సంగతీ, నిమ్మకాయ సంగతీ చెప్పి, మంచినీళ్ళు తాగి పడుకున్నాడట. రెండు రోజులు ఆలోచించి ఆమే పెట్టె సర్దుకుంది. ఇవన్నీ ఆమె చాలా ఏళ్ళ తరువాత, నవ్వుతూ చెప్పింది.

అప్పటి నుంచి మా రెండిళ్ళకూ ముక్కు ఆమే. పొద్దున్నే నేను నా పాలగిన్నె, రాత్రి మిగిలిన కూరా పట్టుకుని వాళ్ళ గడప ముందు నిలబడితే, ఆమె ఒక్కసారి మూత తీసి, "గిది పారబొయ్యి అన్నా" అనో, "తినొచ్చు తియ్" అనో తీర్పు చెప్పేది. ఉద్యోగం మానమని మమ్మల్ని పోరింది కూడా. మానితే ఏం తినాలో ఎవరికీ తెలియక, మానలేదు. పెద్దాసుపత్రిలో చూపించుకుంటే పోయిన ముక్కు ఇక రాదన్నారు. వాడు కొన్నాళ్ళు దిగులుపడ్డాడు, తరువాత మరిచిపోయాడు. మరిచిపోవడానికి కారణం ఆమే. చెడ్డ వాసనలే కాదు, మంచివి కూడా చెప్పేది ఆమె. తొలి వాన పడితే వాకిట్లోంచే అరిచి చెప్పేది మట్టి వాసన లేచిందని. జామపండ్ల బండి సందు మొదట్లో ఉండగానే చెప్పేది. పోపు పెడుతూ మెంతులు వేగాయని, ఎల్లిగడ్డ మాడబోతోందని, ఎవరో ఎదురుగా కూర్చుని అడుగుతున్నట్టే వరుసగా చెప్పుకుంటూ పోయేది. వాడు మంచం మీద కూర్చుని ఊఁ కొడుతూ వినేవాడు. తరువాత నాకూ పెళ్ళై మా అమ్మాయి పుట్టినప్పుడు చూడటానికి వచ్చి, పసిపిల్ల మాడు మీద ముక్కు పెట్టి, కాచిన పాల మీగడ వాసనొస్తోంది అన్నా అని చెప్పింది. నా బిడ్డ వాసన నాకు తెలిసింది ఆ ఒక్క మాటతోనే.

ఇప్పుడు బొల్లారంలో ఆ ఆచారం లేదు. మాస్కులిస్తున్నారు, వాసన ఎక్కువైతే పిల్లలు పని వదిలేసి ఇంకోచోటికి పోతున్నారు, ముక్కు చాయ్ అంటే ఏందని మొన్న బస్టాపులో ఒక కుర్రాడు నన్నే అడిగాడు. మంచిదే, ఆ చాయ్ ఎవరూ తాగకూడదు. చేపలకు ఊపిరాడని ఆ చెరువు మీద ఇప్పుడు గోదాములున్నాయి. గ్యాసు లీకైతే నాకు తెలియదని మా అమ్మాయి వంటింటి గోడకు ఒక చిన్న యంత్రం పెట్టించింది. వాసన తగిలితే కూత పెడుతుంది. నమ్మకమైనదే, కానీ దానికి ప్రమాదమొక్కటే తెలుసు. వాన వచ్చిందని అది చెప్పదు.

నా దోస్తు పోయి మూడేళ్ళయింది. గుండె ఆగిపోయి నిద్రలోనే పోయాడు, కష్టపడలేదు. చెల్లె ఊళ్ళోనే కొడుకూ కోడలి దగ్గర ఉంటుంది, వాళ్ళిద్దరూ పొద్దున్నే పనులకు పోతారు. కిందటి ఆదివారం ఆమె బాగోగులు కనుక్కుందామని ఫోన్ చేస్తే కోడలు తీసింది. అత్తమ్మ వంట చేస్తోందని చెప్పి, నవ్వుతూ, "వంటింట్ల ఎవ్వలు లేకున్నా గట్టిగ చెప్తది మామా, మెంతులేగినయి, పాలు పొంగుతున్నయి అని. ఎవ్వలికి చెప్తుందో ఏమో" అంది. వెనకనుంచి ఆ గొంతు నాకూ వినిపించింది. కోడలితో పాటు నేనూ నవ్వబోయాను, నవ్వు రాలేదు. ఏడుపొచ్చింది. ఊఁ కొట్టేవాడు లేని ఇంట్లో ఆమె ఇంకా చెబుతూనే ఉంది, ఎల్లిగడ్డ ఎర్రబడిందని. ఫోన్ చెవికి ఆనించుకుని, ఆమెకు వినపడదని తెలిసినా, ఊఁ అన్నాను.